బొట్టు పెట్టి పిలిచిన ఫ్లాష్ మాబ్

మొన్న సంగారెడ్డిలో ఒక బట్టల దుకాణం ముందు ఉన్నట్టుండి పాట మోగింది. అప్పటిదాకా చీరలు చూస్తున్న అమ్మాయిలు కొందరు రోడ్డు మీదికి వచ్చి వరుస కట్టి ఆడటం మొదలుపెట్టారు. జనం ఫోన్లు ఎత్తారు. నా చెవుల్లో మాత్రం వేరే చప్పుడు మోగింది. స్టీలు మూత మీద చెంచాతో ‘ణంగ్’మని కొట్టిన చప్పుడు. దాని వెనకే సరళ మేడమ్ నవ్వు. నడిబజారని చూడకుండా నేనూ పకపకా నవ్వేశాను. పక్కనున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఒక అడుగు దూరం జరిగింది. జరగనీ, ఆవిడకేం తెలుసు!

పటాన్‌చెరు దగ్గర టిఫిను డబ్బాలు చేసే చిన్న కంపెనీ మాది. నేను ప్యాకింగ్‌లో ఉండేదాన్ని. డబ్బా తుడవడం, కవరు తొడగడం, అట్టపెట్టెలో పెట్టడం, మళ్ళీ ఇంకో డబ్బా తుడవడం. సరళ మేడమ్ ప్రచారం పని చూసేవారు. పేరుకు ఆఫీసరే గానీ మధ్యాహ్నం అయ్యేసరికి మా ఆడవాళ్ళ మధ్య చతికిలబడి అందరి కూరలూ రుచి చూసి అన్నిటికీ వంకలు పెట్టేవారు. “ఇది పప్పుచారా, డబ్బా కడిగిన నీళ్ళా పుష్పా?” అనేవారు నన్ను. ఆ నోటికి జడవని వాళ్ళు లేరు. అయినా ఆమె రాని రోజు మాకెవరికీ ముద్ద దిగేది కాదు.

ఒకరోజు ఆమె ఫ్లాష్ మాబ్ అనే మాట పట్టుకొచ్చారు. వారపు అంగడి రోజున మేమంతా కూరగాయలు కొనేవాళ్ళలా జనంలో కలిసిపోవాలట. ఒకరు డబ్బా మోగించగానే తలో దిక్కు నుంచీ వచ్చి ఆడాలట. చివర్లో కంపెనీ పేరు కనబడేలా డబ్బాలు పైకెత్తి, ఎవరి దారిన వాళ్ళు పోవాలట. హైదరాబాద్ నుంచి డాన్సు పిల్లల్ని తెప్పిద్దామన్నాడు మా సేటు. మేడమ్ వింటేనా! “డబ్బా చేసినోళ్ళ కన్న మంచిగ డబ్బా ఎవలు మోగిస్తరు సేటూ?” అన్నారు. ఒక్కసారే చూస్తానని సేటు ఒప్పుకున్నాడు.

తర్వాత నన్ను పక్కకు పిలిచారు. “నా సెక్షన్ల ఒక మనిషి గావాలె. గీ ఆట నువ్వు నడిపియ్యి. మంచిగయితే నా పక్క కుర్చీ నీది. ఖరాబయితే నేను గూడ ఏం జెయ్యలేను, ప్యాకింగే” అన్నారు. ఇంటర్ చదివి డబ్బాలు తుడుస్తున్నదాన్ని. ఆ కుర్చీ మీద నాకెంత ఆశ పుట్టిందంటే, ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆయనకు రెండుసార్లు చారు పోశాను.

మా ఊరు చిట్కుల్‌లో ఇంటి మిద్దె మీదే సాధన. అడుగులు తొందరగానే వచ్చాయి. రానిదల్లా ఆఖరిది. ఆట ఆగగానే మేమంతా నవ్వేసేవాళ్ళం. మేడమ్ తల పట్టుకునేవారు. “ఎగురుడు పెద్ద పని గాదే పిల్లా! ఎగిరినంక ఏం ఎరగనట్టు పోయి బేరం జెయ్యాలె. గదీ అసలు పని” అనేవారు. ఎవరికీ చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు. మిద్దె కింద వంట చేస్తున్న మా అత్తమ్మకు కూడా నేనే చెప్పాను, ఎవరితోనూ అనొద్దని.

అంగడి రోజు సాయంత్రం బస్సు దిగి చూద్దును కదా, మేము ఆడాల్సిన జాగా చుట్టూ చిట్కుల్ ఆడవాళ్ళు చాపలు పరుచుకుని కూర్చున్నారు. అందరి నుదుటా కొత్త బొట్టు. ముందు వరసలో మా అత్తమ్మ, ఒళ్ళో కుంకుమ భరిణెతో. నన్ను చూసి చెయ్యి ఊపింది. “ఇంగో, మా కోడలొచ్చింది! ఇగ షురూ జేస్తరు” అని అందరికీ చెప్పింది.

“అత్తమ్మా, ఎవలకు చెప్పొద్దంటి గద!” అన్నాను. ఏడుపు తన్నుకొస్తోంది.

“మీ సేటుకు చెప్పొద్దేమో అనుకున్న. నా కోడలు నలుగుట్ల ఆడుతుంటే ఇంటింటికి పోయి బొట్టు వెట్టి పిల్వకుంటే, రేపు ఊరోళ్ళు నా ముఖం మీద అనరా?”

జనం ఉలిక్కిపడితే వీడియో తీద్దామని ఫోను పట్టుకుని నిలబడ్డ సేటు ముఖం మాడిపోయింది. “ఇదేనా మేడమ్ మీ సీక్రెట్?” అన్నాడు. నా కుర్చీ గంగలో కలిసిందనుకున్నాను. సరళ మేడమ్ మాత్రం ఉల్లిగడ్డల బస్తా మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పి, నా చేతిలోని డబ్బా, చెంచా లాక్కుని ఆమెకిచ్చారు.

అందరూ మావైపే చూస్తున్నారు. ణంగ్! మోగింది మా దగ్గర కాదు, చాప మీద. అత్తమ్మ లేచింది. ఆమె వెనక ఆమె తోడికోడలు, ఎదురింటి అవ్వ, కిరాయికుండే ఒడిశా పిల్ల, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా లేచి చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టారు. బిత్తరపోయింది మేమే! తేరుకుని మేమూ దూకాం. షిఫ్టు దిగి బస్సుల్లోంచి వస్తున్న కార్మికులు సంచులు కింద పెట్టి ఈలలేశారు. ముసలమ్మలు మా చేతుల్లోని డబ్బాలు అందుకుని ఎత్తి పట్టుకున్నారు. ఆట ఆగిన మరుక్షణం అత్తమ్మ చెంగు దులుపుకుని, నవ్వన్నదే లేకుండా పక్క బండి దగ్గరికి నడిచింది. “వంకాయలెట్ల ఇస్తున్నవ్ కొడుకా?” అంది. నాకు ఎన్ని రోజులు నేర్పినా రానిది!

సేటు ఫోను దించలేదు. “మేడమ్, మళ్ళ ఎప్పుడు పెడదాం?” అన్నాడు.

“ఇగ అది పుష్పను అడుగుండ్రి. సోమవారం నుంచి నా పక్కనే కూసుంటది” అన్నారు మేడమ్. నేను అక్కడే, అంగడి నడుమ, భోరుమని ఏడ్చాను.

మళ్ళీ ఆట ఉందని విని అత్తమ్మ వంకాయలు వదిలేసి వచ్చి భరిణె తెరిచింది. “మళ్ళ ఉన్నదంటే ఇప్పుడే పిలుస్త. అందరిని పిలిచిన గని నిన్ను మర్సిన బిడ్డా” అంది.

మేడమ్ ఒక అడుగు వెనక్కి వేశారు. “నాకొద్దు పెద్దమ్మా. ఆయన పోయి చాన ఏండ్లాయె” అన్నారు మెల్లగా. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆమె ఎందుకు రారో అప్పుడు తెలిసింది నాకు.

“పోతే? నేను పిలిచేది నిన్ను. ఆయనను గాదు” అంది అత్తమ్మ.

 మేడమ్ ముందుకొచ్చి, బొట్టుకు తల వంచారు.

ఆమె రిటైరయ్యాక ఆ సెక్షన్ నేనే చూస్తున్నాను. ఎక్కడ ఆట పెట్టినా ముందురోజు ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచి వస్తాను. “పిలిస్తే అది ఫ్లాష్ మాబ్ ఎట్లయితది మేడమ్?” అని ఆఫీసులో కొత్త పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడమనిషి “నాకెందుకులే అమ్మా” అంటూ తలుపు చాటుకు జరుగుతుంది. ఆమె బయటికి వచ్చేదాకా నేను ఆ గుమ్మం వదిలిపెట్టను.