గాజుపెంకుల గోడ

పట్నంలో చూలై నుంచి ఉత్తరపు కొసన తిరువొత్తియూరు వైపు కొత్త లేఅవుట్‌కి మారిన రోజుల్లో మాకు వీధులుండేవి, దారులు మాత్రం లేవు. తోటల యజమానులు ఎవరి తోట వాళ్లు ప్లాట్లు వేసి, హద్దు దగ్గర వీధిని ఆపేశారు. పెద్దరోడ్డుకీ, దాని మీదున్న ఆస్పత్రికీ మాకున్న అడ్డదారి మా ప్రార్థన మందిరం ఆవరణే.

ఆదివారం ఆరాధన జరుగుతుండగా ఆడవాళ్లు చేపల బుట్టలతో అటుగా వెళ్లేవారు. పరిశుద్ధ స్థలం సంతదారి కాకూడదని సంఘ సభలో లేచి వాదించింది నేనే. మా వీధి వైపు గోడ లేచింది. మందిరానికి చుట్టూ తిరిగి నడవడం కూడా భక్తే అనుకున్నాం. గోడ మీద సీసా పెంకులు నా చేతులతోనే నాటాను, కీర్తన పాడుకుంటూ.

ఆ వేసవిలో ఒక ఉదయం నా నాలుగేళ్ల కూతురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చూస్తుండగానే కళ్లు లోతుకు పోయాయి. చుట్టుదారి దూరమని, రిక్షా ఎక్కించి దగ్గరదారి వెతికాం. ఒక వీధి చివర ముళ్లకంచె. ఇంకొకటి మురుగుగుంట దగ్గర ఆగింది.

"ఏంది సామీ, ఇది ఊరా, ఎలకల బోనా? పొయ్యేదానికుండాది, బయటికొచ్చేదానికి లేదే!" అన్నాడు రిక్షా అతను.

"గోడకాడికి పోదాం పా. ఆస్పత్రి ఆడనే కదా," అని ఏడ్చింది నా భార్య.

గోడ దగ్గర నిలబడి కేకలు పెట్టాను. అవతల ఆవరణలో నీడకు బుట్ట దించుకున్న చేపలావిడ పలికింది. బుట్ట బోర్లించి ఎక్కి, పెంకుల మీద గోనె పరిచింది.

"ఈడ ఇయ్యన్నా బిడ్డని. ఏ పాపిష్టోడు నాటినాడో ఈ పెంకులు!"

ఆమె ముంజేతులు రక్తమయ్యాయి. నా పెంకుల మీదుగా బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాను. బిడ్డతోపాటు గోనె కూడా అవతలికి జారింది. నేనూ ఎక్కబోయి, అరచేతులు కోసుకుని కిందపడ్డాను.

చుట్టూ తిరిగి మేము చేరేసరికి ఆమె ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంది. ఒళ్లో నా బిడ్డ. బిడ్డ ముఖం మీద ఆమె కొంగు.

"ఉరుక్కుంటానే వచ్చినానన్నా... ఇంకాస్త ముందే తెచ్చుండాల అన్నాడు డాక్టరు."

బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి గడ్డపార పట్టుకున్నాను. సంఘ పెద్దలు నా చెయ్యి పట్టుకున్నారు. "సభ తీర్మానం బ్రదర్. పడగొట్టాలన్నా మళ్లా సభే పెట్టాల."

సభ పెట్టేదాకా ప్రతి ఆదివారం ఆ గోడ కిందే మోకరించాను. కళ్లు మూసుకున్నా ప్రార్థన సాగేది కాదు. 'చేపలోయ్' అనే చేపలావిడ కేక మాత్రం చుట్టూ తిరిగి ఎక్కడో దూరం నుంచి వినిపించేది.