వన్‌వే కేసు: ఐరాల నుంచి తిరుపతి కోర్టుకు

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఇంటింటికీ తిరిగి పిల్లలకు టీకాలు వేసే ఉద్యోగం నాది. ఒకరోజు మోపెడ్ మీద బజారు పక్క సందులోకి తిరగగానే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, వన్‌వేలో వచ్చావని కేసు రాశాడు. బోర్డు ఏదని అడిగితే, “కోర్టులో చెప్పుకో” అన్నాడు. అతను వెళ్లాక, సందు మొదట్లో పూలమ్మే మునెమ్మ తన బుట్ట పక్కకు జరిపింది. ఊడిపోయిన బోర్డు దాని కింద బోర్లా పడి ఉంది. అవసరమైతే సాక్ష్యం చెబుతానంది. ఆలోగా నాకు ఐరాల బదిలీ అయింది, నోటీసు అక్కడికే వచ్చింది. వాయిదా తేదీ మునెమ్మకు కబురు పెట్టాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. శిక్ష పడితే తీసేస్తారేమోనని అన్నం సహించలేదు.

వాయిదా రోజు పొద్దున్నే ఐరాలలో బస్సెక్కి పూతలపట్టులో దిగాను. చిత్తూరు నుంచి వచ్చే తిరుపతి బస్సు అక్కడ దొరికింది. రెండు బస్సులకూ కలిపి పది రూపాయల లోపే అయింది. చంద్రగిరి కోట కనిపించినా చూసే మనసు లేదు. మునెమ్మ కూర్చునే చోటు ఆ కానిస్టేబుల్ దయ మీదే ఉంది, ఆమె వస్తుందా? నా చేతిలో నోటీసు చూసి కండక్టర్ అన్నాడు: “తప్పు ఒప్పుకొని జరిమానా కట్టేసి వచ్చేయమ్మా. పోలీసోళ్లతో మనకెందుకు?” ఆ మాటే సబబనిపించింది.

కోర్టు వరండాలో పదకొండు దాకా నిలబడ్డాను. మునెమ్మ జాడ లేదు. నా ముందు పిలిచినవాళ్లంతా ఒప్పుకుని వెళ్లిపోయారు. నా వంతు వచ్చేసరికి, ఒప్పుకుంటే శిక్ష పడినట్టే కదా, ఉద్యోగం పోతుందనిపించింది.

“ఒప్పుకోను సార్,” అన్నాను.

బోర్డు స్తంభం మీదే ఉందని కానిస్టేబుల్ చెప్పాడు. నీకు సాక్షులున్నారా అని మెజిస్ట్రేటు అడిగినప్పుడు వెనక్కి తిరిగాను. తల మీదుగా కొంగు కప్పుకుని మునెమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

“బోర్డు గాలికి ఊడి పడింది సార్. మూడు దినాలు ఆడనే ఉండాది. దాని మీదనే నేను బుట్ట పెట్టుకున్నాను.”

“పోలీసులకు చెప్పలేదేం?”

“భయం సార్.”

మెజిస్ట్రేటు కానిస్టేబుల్ వైపు చూశాడు. అతను తల దించుకున్నాడు. కేసు కొట్టేశారు.

బయటికి రాగానే మునెమ్మ నా చెయ్యి పట్టుకుంది. “నాతో అంగడి దాకా రామ్మా. ఒక్కదాన్నే పోవాలంటే గుండె దడగా ఉండాది.”

మధ్యాహ్నం బస్సు వదిలేసి ఆమె బుట్ట పక్కన కూర్చున్నాను. నాలుగింటికి కానిస్టేబుల్ వచ్చి మా ముందు ఆగాడు. పూలు కట్టే మునెమ్మ చేతులు ఆగిపోయాయి.

“నువ్వింకా ఊరికి పోలేదా?” అని నన్నడిగాడు.

“సాయంత్రం పోతాను. మళ్లీ ఆదివారం వస్తాను. ఇకమీద ప్రతి ఆదివారం అక్కను చూసిపోతాను,” అన్నాను. అంతవరకూ అలాంటి ఆలోచనే లేదు.

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కూడలి వైపు వెళ్లిపోయాడు.

అన్నాక వెళ్లక తప్పలేదు. ఆ ఏడంతా ఆదివారాలు తిరుపతి బస్సులోనే గడిచాయి. బస్సు దిగి సందు మలుపు తిరిగేదాకా, ఆమె అక్కడ ఉంటుందో లేదోనని ప్రతిసారీ గబగబా నడిచేదాన్ని. నా భయం ఒక్క పూటలో తీరింది, ఆమె అసలు భయం కోర్టు గుమ్మం దిగాకే మొదలైంది. అందుకే కేసుకు ఎదురుచెప్పడానికి వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను: తీర్పు రాగానే తిరుగు బస్సెక్కకండి, ముందు మీ సాక్షిని ఇంటిదాకా దిగబెట్టండి.