పెద్దన్న ఆట, చిన్నన్న కాలు

నా చిన్నప్పుడు, ఇప్పటి మలేషియా అయిన మలయాలో, అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాల మీద తెల్లదొరల ఎమర్జెన్సీ నడిచిన రోజుల్లో, మా రబ్బరు తోట లైన్ల, అంటే కూలీల ఇళ్ళ వరుసల, చుట్టూ ముళ్ళకంచె ఉండేది. సాయంత్రం గేటు మూసేలోగా అందరం లోపలికి వచ్చేయాలి. ఆ మిగిలిన కాస్త వెలుతురులోనే మా తోట కుర్రాళ్ళు పాడాంగ్‌లో, అంటే ఆఫీసు ముందున్న ఆటస్థలంలో, ఫుట్‌బాల్ ఆడేవారు. వాళ్ళకు ఆట నేర్పింది మా నాన్న.

జట్టు మొత్తం మా పెద్దన్న కాలి మీద నడిచేది. నడుమ నిలబడి అతను పొడుగ్గా కొడితే బంతి అందరి తలల మీదుగా వెళ్ళి, అటు చివర పరుగెడుతున్నవాడి ముందు పడేది. నాన్న వేసిన ఎత్తులన్నీ ఆ దెబ్బను నమ్ముకున్నవే.

ఒకనాడు తెల్లవారుతుండగా కూలీల లారీ మీద అడవి అంచు నుంచి కాల్పులు జరిగాయి. పెద్దన్న అందులో ఉన్నాడు. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరి ఆసుపత్రి నుంచి శవాన్ని గుడ్డలో చుట్టి తెచ్చారు. ముఖం చూస్తానంటే అమ్మను చూడనివ్వలేదు.

కొన్నాళ్ళకు నాన్న మళ్ళీ జట్టును పోగేశాడు. పెద్దన్న చోట మా చిన్నన్నను నిలబెట్టాడు. ఆట మాత్రం మార్చలేదు. చిన్నన్న బక్కపలచటివాడు. ఇరుకులో బంతిని తప్పించి పక్కవాడికి చక్కగా అందించగలడు గానీ, దూరం కొట్టే బలం లేదు. కొట్టిన బంతల్లా సగం దారిలో పడి అవతలివాళ్ళకు దొరికేది. నాన్న తిట్టేవాడు. ఇంటికొచ్చాక చిన్నన్న వాచిన కాలికి నేను వేడినీళ్ళు పోసేదాన్ని.

పక్క తోటతో పోటీ నాడు అమ్మ కూడా వచ్చింది, బిడ్డ పోయాక మొదటిసారి. మావాళ్ళు ఓడిపోతున్నారు. చిన్నన్నకు బంతి అందగానే నాన్న గొంతు చించుకుని అరిచాడు.

"పొడుగ్గా కొట్టరా పెద్దోడా!"

అమ్మ లేచి, ఎవరివైపూ చూడకుండా లైన్లవైపు వెళ్ళిపోయింది. చిన్నన్న బంతిని బయటికి తన్ని నాన్న ముందుకొచ్చాడు.

"నాను అన్నని కాను నాయినా. ఆడు సచ్చిపోనాడు. ఆడి కాలు నాకు లేదు."

నాన్న కొడతాడేమోనని భయపడ్డాను. నాన్న కొడుకు కాళ్ళవైపు చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చివర్లా పరుగెత్తే కుర్రాళ్ళను పిలిచాడు.

"దూరం పోకండి. చిన్నోడి దగ్గరికి రండి. ఆడు అందించగలిగినంతలోనే ఉండండి."

"అదేటి ఆట లా, మావా?" అన్నాడు ఒకడు, మలయావాళ్ళ తీరున మాట చివర 'లా' తగిలించి.

"అదే ఆడి ఆట."

ఇక బంతి నేల విడవలేదు. కాలి నుంచి కాలికి, చిన్నచిన్నగా సాగింది. ఒక గోలు వేశాం. అయినా ఓడిపోయాం. ఆట ముగిశాక నాన్న గడ్డి మీద కూలబడి ఏడ్చాడు. పెద్దన్నను పూడ్చిననాడు కూడా ఏడవని మనిషి. గేటు మూసే వేళవుతోందని చిన్నన్నే రెక్క పట్టి లేపాడు.

మెర్డెకా, అంటే ఆ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. మా జట్టు కొన్ని ఆటలు గెలిచింది కూడా. అమ్మ మాత్రం మళ్ళీ అటు తొంగి చూడలేదు. నాన్న చిన్నన్నను ఇంకెప్పుడూ పొడుగ్గా కొట్టమనలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. "నీ అక్కలా ఎందుకుండవు?" అన్న మాట ఒక్కోసారి నోటిదాకా వస్తుంది. అప్పుడు నాన్న ఆ కాళ్ళవైపు చూసిన చూపు గుర్తొస్తుంది. మాట మింగేసి, ఎదురుగా నిలబడ్డ బిడ్డను నిదానంగా చూస్తాను.