కోటేశ్వరి గడ్డం నీళ్ళు

కోటేశ్వరి పుట్టింది పొదిలి దగ్గర ఒక మెట్ట ఊళ్ళో. అక్కడ వాన పడితే కంది వేస్తారు, పడకపోతే కూలికి పోతారు. పెళ్ళయ్యాక మొగుడు యలమందతో కలిసి గుంటూరు వచ్చేసింది. అతను మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసేవాడు. ఆమె యార్డు అవతలి రోడ్డులో ఒక షెడ్డులో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేది. ఒక వేసవిలో యలమంద భుజాన టిక్కీ ఉండగానే కూలబడి, మళ్ళీ లేవలేదు. అప్పటికి కూతురు శ్రీరమ్య ఇంకా బడికి వెళుతోంది. కర్మకాండలు అయ్యాక కోటేశ్వరి అదే షెడ్డుకి వెళ్ళి, అదే గోడ పక్కన, అదే గోనెపట్టా మీద కూర్చుంది. అక్కడ ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు. ఆ షెడ్డులో అందరి కళ్ళూ ఎప్పుడూ నీళ్ళతోనే ఉంటాయి.

తొడిమలు తీయడం చూడటానికి తేలిక పని. ఎడమచేతిలో కాయ, కుడిచేతి బొటనవేలి గోరుతో తొడిమ. రంగు పోయిన తాలు కాయ కనిపిస్తే ఒక పక్కకి విసరాలి. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి కాబట్టి ఎవరూ తల ఎత్తరు. మామూలు రకం కాయైతే సాయంత్రానికి వేళ్ళు వెచ్చబడతాయి, అంతే. తేజ కాయ వస్తే మాత్రం మధ్యాహ్నానికే మంట మొదలవుతుంది. ఇంటికి వెళ్ళి స్నానం చేస్తే ఆ మంట నీళ్ళతోపాటు ఒళ్ళంతా పాకుతుంది. కోటేశ్వరి చేత్తో అన్నం కలుపుకోవడం మానేసి చెంచాతో తినేది. కూతురికి జడ వేయడం కూడా మానేసింది. వేలు మెడకి తగిలితే పిల్ల ఉలిక్కిపడేది.

ఆమె చేయని వైద్యం లేదు. మజ్జిగలో చేతులు ముంచి కూర్చుంది. కొబ్బరినూనె రాసింది, ఆముదం రాసింది. ఎవరో బెల్లం నీళ్ళంటే అవీ చూసింది. అన్నిటికంటే మజ్జిగే నయం. కానీ తాగడానికి తెచ్చుకున్న మజ్జిగని రోజూ చేతులకి పొయ్యడానికి మనసొప్పేది కాదు.

షెడ్డులో ఆమె పక్కన కూర్చునేది సిద్దికా. ఆమె మొగుడు బుడాన్ ఆటో తోలుతాడు, కాస్త షోకు మనిషి. గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికి ఎక్కడినించో ఒక ఆఫ్టర్‌షేవ్ సీసా కొనుక్కొచ్చాడు. మూత తీసి వాసన చూడబోయిన సిద్దికా దాన్ని అరచేతిలో ఒలకబోసుకుంది, మంట మీద చల్లగా అనిపించింది. మర్నాడు అదే లోషను దగ్గుమందు సీసాలో కొంచెం పోసుకుని షెడ్డుకి తెచ్చింది. పని దిగాక రోడ్డు పక్క కుళాయి దగ్గర ఇద్దరూ చేతులు కడుక్కున్నారు.

“అక్కా, ముందు చురుక్కుమంటుంది. చెయ్యి వెనక్కి తీసుకోమాకు,” అంది సిద్దికా.

చురుక్కుమన్న మాట నిజమే. గోళ్ళ పక్కన పగుళ్ళలోకి దిగినప్పుడు కోటేశ్వరి పళ్ళు బిగబట్టింది. తర్వాత చల్లదనం మొదలైంది. పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుని గాలి పీల్చినప్పుడు నాలుక మీద ఎలా ఉంటుందో అరచేతులంతా అలా అయింది. మంట ఎక్కడికీ పోలేదు, కాస్త పక్కకి తప్పుకుంది. ఆ సందులో కోటేశ్వరి కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు, చాలాకాలం తర్వాత, తన చేతుల గురించి కాక వేరే ఏదో ఆలోచించుకుంటూ నడిచింది. ఏం ఆలోచించిందంటే చెప్పలేం. రోడ్డు మీద పోయే బండ్లని చూసి ఉంటుంది.

కొన్నాళ్ళకి బుడాన్ తన సీసాలో లోషను తగ్గడం చూసి, ఇది తాగుతున్నావా ఏంటని పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. దాంతో ఆడవాళ్ళిద్దరూ కలిసి సొంతంగా కొనుక్కోవాలనుకున్నారు. ఇంటికి పోయే దారిలో నన్నే సాహెబ్ ఫ్యాన్సీ షాపు ఉంది. ఆయన ముసలాయన, కొనేది ఎవరికోసమో అడిగి తెలుసుకోవడం ఆయనకి అలవాటు. కోటేశ్వరి మా తమ్ముడికని చెప్పింది. ఆమెకి తమ్ముడు లేడు. సిద్దికా ఆ సరుక్కి గడ్డం నీళ్ళని పేరు పెట్టింది, పేరు అలాగే నిలిచిపోయింది.

మొదట కొన్నది నీలం రంగుది. వాసన బాగుంది కానీ చల్లదనం లేదు. తర్వాత పచ్చది. అందులో స్పిరిట్ ఎక్కువ, పగుళ్ళలో పోసుకున్నాక కోటేశ్వరి రోడ్డు పక్కనే కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు లేవలేదు. గంధం వాసనది ఒకటి తెస్తే అది పెళ్ళివారింటికి తప్ప దేనికీ పనికిరాదని సిద్దికా తీర్పు చెప్పింది. ఆఖరికి మంచుకొండ బొమ్మ ఉన్న పెట్టె ఒకటి దొరికింది. అది రాసుకుంటే వేళ్ళు తన వేళ్ళు కానట్టు అయిపోయేవి. మొదటిరోజు కోటేశ్వరి చేతిలోంచి క్యారేజీ జారి పడింది. మెడకి కూడా రాసుకున్న ఒక రోజు, మండుటెండలో నడుస్తూ వణికింది. సిద్దికా దానికి దండం పెట్టి బుడాన్ వాడే రకానికే మళ్ళింది. కోటేశ్వరి మాత్రం మంచుకొండ దగ్గరే ఆగింది.

రెండోసారి కొనడానికి వెళితే నన్నే సాహెబ్ అనుమానంగా చూశాడు.

“ఇది రాస్తే మొహం మొద్దుబారుద్దని మా కుర్రోళ్ళు ఎవరూ ముట్టుకోవడం లేదమ్మా. మీ తమ్ముడు ఎట్లా ఓర్చుకుంటున్నాడు?”

“మొద్దుబారాలనే అడుగుతున్నాడు సాయిబు గారూ,” అంది కోటేశ్వరి.

కొంతకాలం బాగానే జరిగింది. పొద్దునా సాయంత్రం చాలక మధ్యాహ్నం అన్నం వేళ కూడా రాసుకోవడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల వాళ్ళూ చేతులు చాపేవాళ్ళు. ఒకరోజు సరుకు చూడటానికి వచ్చిన వ్యాపారి మనిషి గుప్పెడు కాయలు తీసి వాసన చూసి, ఇది మిరపకాయా మంగలి షాపా అని అడిగాడు. షెడ్డు మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. అతను చెడ్డవాడు కాడు, అరవలేదు. ఇంకోసారి షెడ్డులో ఆ సీసా కనపడితే మాత్రం ఇద్దరూ వేరే చోట పని చూసుకోవాల్సి వస్తుందని మెల్లగా చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచి కోటేశ్వరి పగలంతా ఓర్చుకుని, పని దిగాక కుళాయి దగ్గర ఒకేసారి దండిగా రాసుకునేది. దాంతో ఆమె తన వీధిలోకి వచ్చేసరికి ఆ వాసన బాగా ఘాటుగా ఉండేది.

వీధి మొదట్లో బసవమ్మ ఇల్లు. ఆమె ఇడ్లీపిండి అమ్ముతుంది, సాయంత్రాలు అరుగు మీదే ఉంటుంది. వచ్చే పోయే వాళ్ళ సంగతులు ఆమెకి తెలిసినట్టు వాళ్ళకే తెలియవు. మొగుడు పోయిన మనిషి దగ్గర రోజూ ఆ వేళకి మగవాళ్ళ సెంటు వాసన వస్తుంటే ఆమెకి తోచినట్టు ఆమె అనుకుంది. అనుకున్నది నలుగురికీ చెప్పింది. చివరికి పిండి కోసం వచ్చిన శ్రీరమ్యకి కూడా, నీ మంచికోరి చెబుతున్నానంటూ చెప్పింది.

శ్రీరమ్య అప్పటికి డిగ్రీ చదువుతోంది. తల్లితో మాట్లాడటం తగ్గించేసింది. పిలిస్తే పలికేది, పెడితే తినేది. కోటేశ్వరికి పిల్ల ముభావంగా ఉందని తెలుస్తూనే ఉంది గాని, అడిగే ఓపిక లేదు. పరీక్షలేమో అనుకుంది. షెడ్డులో ఆ రోజుల్లో వరసగా తేజ లోడ్లు దిగుతున్నాయి. ఇంటికొచ్చి, అన్నం వండి, చెంచాతో నాలుగు ముద్దలు తిని పడుకుంటే, తెల్లారి మళ్ళీ షెడ్డు.

ఒక ఆదివారం కోటేశ్వరి గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. శ్రీరమ్య లోపల్నుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో మంచుకొండ సీసా ఉంది. తల్లి సంచిలో చేతిగుడ్డలో చుట్టి ఉంటే తీసింది.

“ఆయన ఎవరమ్మా?” అని అడిగింది.

కోటేశ్వరికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఎవరని తిరిగి అడిగింది. ఈ సీసా ఎవరిదో ఆయనే అంది కూతురు. అది తనదేనని కోటేశ్వరి చెప్పింది. శ్రీరమ్య ముఖం ఎర్రబడింది. వీధంతా అనుకుంటున్నారనీ, బసవమ్మ పెద్దమ్మ స్వయంగా చెప్పిందనీ, ఇంకా దాచాల్సిందేమీ లేదనీ అంది. అంటూ అంటూ ఏడ్చేసింది.

కోటేశ్వరికి కోపం రావాలి. రాలేదు. కోప్పడటానికి కూడా కాస్త బలం కావాలి. చాట పక్కన పెట్టి, సీసా తీసుకుని అరచేతిలో పోసుకుని రుద్దుకుంది. ఆ చేతుల్తో కూతురి చెయ్యి పట్టుకుంది. తల్లి ఒక చేతి చర్మం ఎర్రగా పొరలు లేచి ఉంది, రెండోదాని బొటనవేలి గోరు సగానికి అరిగిపోయి ఉంది. శ్రీరమ్య ఆ చేతుల్ని రోజూ చూస్తూనే ఉంది. అంత దగ్గరగా, పట్టుకుని చూడలేదు.

“మంటకి రాసుకుంటున్నానే. చల్లగా ఉంటదని. ఎవరూ లేరు,” అంది కోటేశ్వరి. “ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తది ఒక్కోసారి. ఇంటికొచ్చేసరికి ఇంత అన్నం వండిపెట్టేవాళ్ళు. మగాడే అయ్యుండక్కర్లేదు.”

శ్రీరమ్య చాట తీసుకుని మిగిలిన బియ్యం తను ఏరింది.

ఆ వారంలోనే రబ్బరు గ్లౌజులు కొనుక్కొచ్చి తల్లికి ఇచ్చింది. కోటేశ్వరి కాదనకుండా తొడుక్కుని కూర్చుంది. గోరు ఆనకపోతే తొడిమ తెగదు. పైగా లోపల చెమట పట్టి, దుమ్ము చేరి, చేతుల్ని పొట్లం కట్టి వేయించినట్టయింది. మధ్యాహ్నానికే తీసేసింది. సాయంత్రం కూతురికి ఉన్నమాట చెప్పింది, పిల్ల చిన్నబుచ్చుకోలేదు. అప్పట్నుంచి సాయంత్రం వంట శ్రీరమ్య చేస్తోంది. మొదట్లో అన్నం ఒకరోజు మాడేది, ఒకరోజు పలుకయ్యేది. కోటేశ్వరి ఏదైనా తినేది.

సీసా అయిపోయినప్పుడు శ్రీరమ్యే వెళ్ళింది. ఎవరికని నన్నే సాహెబ్ అలవాటుగా అడిగాడు. మా అమ్మకని చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆ పిల్ల ముఖం చూసి, ఇంకేం అడక్కుండా కవర్లో పెట్టి ఇచ్చాడు. బసవమ్మ నోరు మాత్రం ఆగలేదు. వీధి చివరిదాకా వెళ్ళి ఒక్కొక్కరికీ తన చేతులు చూపించి రావడం కోటేశ్వరి వల్ల అయ్యే పని కాదు. అనుకోనీలే అని వదిలేసింది.

ఈ మధ్య ముసురు పట్టి షెడ్డుకి సరుకు రాలేదు. కొన్నాళ్ళు కోటేశ్వరి ఇంట్లోనే ఉంది. చేతుల మంట తగ్గింది, సీసాతో పని పడలేదు. పగలు పడుకుంది, సాయంత్రం పడుకుంది. ఒకరోజు శ్రీరమ్య కూర తరుగుతుంటే అన్నం గిన్నె పొంగొచ్చింది. కోటేశ్వరి లేచి, గుడ్డ కోసం చూడకుండా, రెండు చేతుల్తో గిన్నె పట్టుకుని స్టవ్ మీంచి దించింది. నిదానంగా గట్టు మీద పెట్టింది. శ్రీరమ్య కత్తి వదిలేసి ఆమె చేతులు లాక్కుని చూసింది.

“కాలడం తెలియట్లేదామ్మా?”

“తెలుస్తోందే,” అంది కోటేశ్వరి, వేళ్ళని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని. “కాస్త ఆలస్యంగా.”

వాన తగ్గగానే డాక్టరుకి చూపిద్దామని శ్రీరమ్య అంది. సరేనంది కోటేశ్వరి. వాన తగ్గిన రోజే మేస్త్రీ కబురు పంపాడు, తేజ లోడు దిగిందని. ఆమె తువ్వాలు మూతికి చుట్టుకుని బయల్దేరింది.