సముద్రం మూసిన రెండు నెలలు

ఎండాకాలమంటే ఎవరైనా మొహం చిట్లిస్తారు. ఇక బందరు ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉప్పుగాలి, జిడ్డు చెమట, మధ్యాహ్నమయ్యేసరికి పడుకున్న మంచం కూడా కాలుతుంది. అయినా నాకు ఎండాకాలమంటే ప్రాణం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమిలో సముద్రంలో వేట ఆపేస్తారు. మళ్లీ జూన్ నడిమి దాకా బోట్లు కదలవు. మా నాన్న బోటు మీద పనిచేసేవాడు. తక్కిన పది నెలలూ వారం పైన సముద్రం మీద, ఒకటో రెండో రోజులు ఇంట్లో. ఆ రోజులు కూడా నిద్రకే సరిపోయేవి. మామిడిపండ్లలాగే మాకు నాన్న కూడా ఎండాకాలంలోనే దొరికేవాడు.

ఆయన ఇంటిపట్టున ఉంటే అమ్మకి తిప్పలు మొదలయ్యేవి. ఇంజన్ పక్కన బతికిన మనిషి, మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఇక్కడ మంచినీళ్లడిగితే మూడిళ్ల అవతలివాళ్లు చెంబు పట్టుకొచ్చేలా ఉండేది. ఆదివారం చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే పాస్టరుగారే ఒక్క క్షణం ఆగి చూసి, మళ్లీ అందుకునేవారు. బోటు మీద ఎనిమిది మందికి వండి అలవాటైన చెయ్యి, ఇంట్లో నలుగురికి వండమంటే ఆగుతుందా? పులుసు పెడితే వీధంతా గిన్నెలు పట్టుకుని రావాల్సిందే. గుడివాడ వైపు నుంచి వచ్చిన చెరువు చేప తెచ్చి, "ఇదీ ఒక చేపేనా, బురద తిని బలిసింది" అని తిడుతూ వండేవాడు. తిడుతూనే మారు వడ్డించుకునేవాడు.

నన్నూ తమ్ముణ్ణీ బస్సెక్కించి హంసలదీవి తీసుకెళ్లేవాడు, కృష్ణ సముద్రంలో కలిసేచోటికి. సెలవు దొరికితే సముద్రం చూడ్డానికే వెళ్లే సముద్రం మనిషిని మీరెక్కడైనా చూశారా? ఒడ్డున కూర్చుని పల్లీలు తింటూ, ఏ బోటు ఎప్పుడు ఎక్కడ ఇసకలో ఇరుక్కుందో చెప్పేవాడు. అందులో సగం కోతలే. అయినా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

"ఈ మనిషి ఇంట్లో ఉంటే ఇంకో బిడ్డ పుట్టినట్టే నాకు. సముద్రం ఎప్పుడు తెరుస్తారో దేవుడా!" అని అమ్మ రోజుకి పదిసార్లు మొత్తుకునేది. మేమది నిజమేననుకున్నాం.

నేను తొమ్మిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో ఒకాయన మా ఇంటికొచ్చాడు. పడమటి తీరంలో బోట్లకి మన వైపు నుంచి మనుషుల్ని తీసుకెళ్తుంటాడు. "బావా, ఇక్కడ మూశారుగానీ అక్కడ సముద్రం తెరిచే ఉంది. ఖాళీగా కూర్చుని ఏం చేస్తావు? ఈ ఒక్క ఏడూ రా. అలవాటైతే ఏటా నువ్వే వస్తానంటావు" అన్నాడు. నాన్న అప్పటికే వారం రోజులుగా రేవు దగ్గర తిరుగుతూ, కట్టేసిన బోటుని చూసి వస్తున్నాడు. కాళ్లు ఇంట్లో నిలవడం లేదు. పైగా ఇల్లు కురుస్తోంది, వానలు రాకముందే రేకులు మార్చాలి. "వెళ్తే తప్పేముంది?" అన్నాడు.

ఈ ఏడు వెళ్తే ప్రతి ఏడూ వెళ్తాడు. ఇక మాకు నాన్న ఏ నెలలో ఉంటాడు? ఏడుపు ఆపుకుని అమ్మ వైపు చూశాను. కానీ వెళ్లమని తొందరపెట్టేది ఆమేగా! ఆశ వదులుకున్నాను.

అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది. "అన్నయ్యగారూ, ఏడాదంతా ఈయన్ని సముద్రానికిచ్చాను. తుఫాను అన్నా, జ్వరమన్నా, పిల్ల పుట్టిందన్నా ఒక్కనాడు అడ్డం చెప్పానా? ఈ రెణ్ణెల్లు మాత్రం ఇవ్వనండీ. ఇవి నావి. ఇల్లు కురిస్తే గిన్నెలు పెట్టుకుంటాం" అంది.

ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. నాన్న అలాగే అమ్మని చూస్తూ నిలబడ్డాడు. "ఏమయ్యా, ఎప్పుడూ చూడనట్టు చూస్తావు? వెళ్లి కొబ్బరికాయ తే" అని కసిరి, అమ్మ చేటతో సహా లోపలికెళ్లిపోయింది. ఆ ఏడు వానలకి నిజంగానే గిన్నెలు పెట్టుకున్నాం. అమ్మ ఆ రోజు నోరు తెరవకపోయి ఉంటే, నాన్నంటే నాకు నిద్రపోయే మనిషిగానే గుర్తుండేవాడు. అందుకు ఆమెకి ఎన్ని జన్మలకి రుణపడ్డానో!

ఇప్పుడు నేను గుడివాడలో నర్సుని. మోకాళ్లు సహకరించక నాన్న వేట మానేశాడు. పోయిన జూన్‌లో బందరు వెళ్లినప్పుడు, గాలి మళ్లి తొలి చినుకులు పడుతుంటే అమ్మ పక్కన కూర్చుని ఆటపట్టించాను. "ఇప్పుడు పన్నెండు నెలలూ నీ దగ్గరేగా. తీరిందా సరదా?"

అమ్మ నవ్వలేదు. "ఏం తీరడమే? ఈ గాలి తగిలితే, సముద్రం తెరిచేశారు, వెళ్లిపోతాడని ఇప్పటికీ గుండె దడదడలాడుద్ది. పొద్దున్నే లేచి గుమ్మంలో ఆయన చెప్పులున్నాయా అని చూసుకుంటాను" అంది. "ఉంటాయి. దేవుడికి స్తోత్రం అనుకుని టీ పెడతాను."