దుమ్ము సంచిలో నిప్పురవ్వ

మా వడ్రంగి షెడ్డులో అందరూ ఆయన్ని గరుకు బాబాయి అనేవాళ్ళు. గరుకు కాగితంతో చెక్కను రుద్ది నునుపు చేసే పనివాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అసలు కారణం ఆయన నోరు. ఎదుటి మనిషి తప్పు చేస్తే మేస్త్రి అని చూడడు, మేస్త్రి మామగారని చూడడు, అక్కడికక్కడే కడిగేస్తాడు. కడిగాక అయిదు నిమిషాల్లో తన గ్లాసులో టీ సగం వాళ్ళకే పోస్తాడు.

నేను అక్కడ పదకొండేళ్ళుగా పాలిష్ పని చేస్తున్నాను. ఆయన నునుపు చేసి పంపినవి నా గదికి వస్తాయి, నేను మెరుగు పెడతాను. నేను పనిలో చేరిన మొదటి వారంలో ఒక స్టూలు కాలు తెచ్చి నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని తడమమన్నాడు. బాగానే ఉందన్నాను. ఆయన తన వేలి కొసతో ఒక్కసారి రాసి, "ఇక్కడ వెంట్రుకంత గీత ఉంది. రేపు నీ పాలిష్ పడగానే అది కొండంత కనిపిస్తుంది, తిట్లు నీకు పడతాయి" అన్నాడు. మర్నాడు అలాగే కనిపించింది.

ఆరేళ్ళ కిందట మేస్త్రి బెల్ట్ శాండర్ కొన్నాడు. రెండు రోలర్ల మధ్య బిగించిన గరుకు పట్టీ, మోటారు వేస్తే పరిగెడుతుంది. చెక్కను దాని ముందున్న చిన్న ఇనుప బల్ల మీద ఆనించి తాకిస్తే చాలు, గంట పని పది నిమిషాల్లో అయిపోతుంది. లేచిన దుమ్మును ఒక ఫ్యాను గొట్టంలోకి లాగి పక్కనున్న గుడ్డ సంచిలో నింపుతుంది.

మొదటి రోజే అది మాకు బుద్ధి చెప్పింది. పట్టీ లోపలి వైపు ఒక బాణం గుర్తు ఉంటుంది, అది పట్టీ తిరిగే దిక్కు. మాలో ఎవరమూ చూడలేదు. బాబాయి తిరగేసి ఎక్కించాడు. స్విచ్చి వేసిన నిమిషానికి అతుకు ఊడి, పట్టీ పాములా ఎగిరి, గోడను చెళ్ళున కొట్టింది. ఆయన చెవికి అది జానెడు దూరంలో పోయింది. బాబాయి స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఎవరినీ తిట్టలేదు. అది చూసి మాకు ఇంకా భయమేసింది.

ఆ తరువాత ఆ మిషను దగ్గర ఆయన వేరే మనిషి అయిపోయాడు. పట్టీ మార్చాలంటే ముందు ప్లగ్గు పీకి, దాన్ని తన కళ్ళెదుట పెట్టుకునేవాడు. బాణం చూసి పట్టీ ఎక్కించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, రోలర్ల నడిమధ్యే నడుస్తోందా, ఒక పక్కకు జరుగుతోందా అని చూసేవాడు. ఆపైన ఒక్క క్షణం కరెంటు ఇచ్చి ఆపేవాడు. జరిగితే పక్కనున్న మర కొంచెం తిప్పి సరిచేసి మళ్ళీ చూసేవాడు. ఇనుప బల్ల అంచుకూ పట్టీకీ మధ్య సందు గోరు కూడా దూరనంత సన్నగా ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే సన్న చెక్కను లోపలికి లాక్కుంటుంది, చెక్కతోపాటు వేలూ పోతుంది అనేవాడు.

మేస్త్రి ముచ్చటపడి చేతి తొడుగులు కొనుక్కొస్తే తిప్పి ఇచ్చేశాడు. "తొడుగు పట్టీకి చిక్కితే అది తొడుగు ఒక్కదాన్నే తీసుకుపోదు. లోపలున్నది కూడా తీసుకుపోతుంది." కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నేను అటు వెళ్తే చాలు, "కొంగు దోపుకో అమ్మాయ్. మిషనుకి వరసలు తెలీవు" అనేవాడు.

ఇంకొకటి ఆయన పదే పదే చెప్పేది, ఆ మిషను మీద ఇనుము తాకించకూడదని. ఇనుము రుద్దితే రవ్వలు లేస్తాయి. చెక్క పొట్టు ఉన్నచోట రవ్వ పడటమంటే గడ్డివాములో చుట్ట పారేయడమే. ఇనుముకు వేరే సానరాయి మిషను ఉంది, వాకిలి దగ్గర, పొట్టు లేని మూల. ఉలి పదునైనా, బాడిసె పదునైనా అక్కడే.

గడిచిన ఎండాకాలం మాకు ఒక ఆసుపత్రి వాళ్ళు పిల్లల వార్డుకి ముప్పై చిన్న మంచాలు చెప్పారు. నాలుగు వైపులా చెక్క కమ్మీలు. పసిపిల్లలు నోరు పెట్టి కొరుకుతారు కాబట్టి ప్రతి కమ్మీ అరచేతిలా ఉండాలని బాబాయి పట్టుబట్టాడు. అప్పటికే పంతొమ్మిది మంచాలు తయారై గోడవారగా నిలబెట్టి ఉన్నాయి.

ఆ వారంలోనే సానరాయి మోటారు కాలిపోయి బాగుచేతకు వెళ్ళింది. మా ఇంట్లో కూరగాయల చాకు మొద్దుబారిపోయింది. మా అత్తగారు దానితో వంకాయను కోయడం మానేసి చిదమడం మొదలుపెట్టింది. నేను దాన్ని సంచిలో వేసుకొచ్చి రెండు రోజులు అడగడానికి మొహమాటపడి, మూడో రోజు భోజనానికి ముందు అడిగేశాను.

"సానరాయి వచ్చాక చూద్దాంలే" అన్నాడు.

"రెండే రెండు రుద్దులు బాబాయ్. ఇంట్లో రోజూ దీనిమీదే రభస."

చాకు తీసుకుని బొటనవేలితో అంచు చూశాడు. "మీ అత్తగారి మాటంత పదును కావాలా, అందులో సగం చాలా?"

"సగం చాలు. మొత్తమైతే ఇంట్లో ఉండలేం."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులోనే బెల్ట్ శాండర్ వైపు నడిచాడు. ముందు దుమ్ము లాగే ఫ్యాను ఆపేశాడు. "రవ్వలు సంచిలోకి పోకూడదు కదా" అన్నాడు, నాకు చెప్తున్నట్టూ, తనకు చెప్పుకుంటున్నట్టూ. చాకును అటొకసారి ఇటొకసారి తాకించాడు. నారింజ రంగు రవ్వలు సన్నని గీతలా పట్టీ కిందికి రాలాయి. నిమిషం కూడా పట్టలేదు. చూడ్డానికి అందంగా ఉన్నాయి కూడా. మిషను ఆగిపోయాక ఒకసారి వంగి కిందికి చూశాడు. ఏమీ లేదు. చాకును గుడ్డలో చుట్టి నాకిచ్చి, "ఎవరికీ చెప్పకు, రేపు అందరూ కత్తెరలు పట్టుకొస్తారు" అన్నాడు. ఇద్దరం భోజనానికి వెళ్ళాం.

పట్టీ కింద పేరుకున్న పొట్టులో ఒక రవ్వ చావకుండా కూర్చుంది. నివురుగప్పిన నిప్పు అనే మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అది నా కాళ్ళకు మూడడుగుల దూరంలో ఉంటే నాకు తెలియలేదు. భోజనమయ్యాక ఆయన ఎప్పటిలాగే ఫ్యాను వేసి నాలుగు కమ్మీలు రుద్దాడు. ఆ గాలి ఆ రవ్వను తీసుకెళ్ళి, మెడదాకా నిండిన సంచిలో పెట్టింది.

మూడు గంటలప్పుడు నా గదిలోకి అట్టముక్క మాడుతున్న వాసన వచ్చింది. బయటికొచ్చాను. బాబాయి అప్పటికే మిషను, ఫ్యాను ఆపేసి సంచి ముందు నిలబడి ఉన్నాడు. సంచి అడుగున అరచేయంత గోధుమరంగు మరక. నేను చూస్తుండగానే అది రెండు అరచేతులంత అయింది. ఆయన మొహంలో రక్తం లేదు. పదకొండేళ్ళలో ఆ మొహం నేను చూడలేదు.

"వెనక్కి పో" అన్నాడు మెల్లగా.

సంచిని కదపకూడదని ఆయనకు తెలుసు. తడిపి, మనుషుల్ని బయటికి పంపాలని మాకు చెప్పింది ఆయనే. అయినా గోడవారనున్న మంచాలను ఒకసారి చూసి, సంచిని ఊడదీసి బయటికి ఈడ్చేద్దామని బిగింపు మీద చేతులు వేశాడు. సంచి అడుగు చిరిగిపోయింది. పొట్టంతా ఒక్కసారిగా గాలిలోకి లేచింది. మరుక్షణం ఆ గాలే మండింది. పేలిన చప్పుడు కాదు, ఎవరో పెద్దగా ఊపిరి వదిలినట్టు 'బుస్'మంది. మంట వచ్చింది, పోయింది. పోతూ పోతూ మంచాలను, పైకప్పు కింద ఆరబెట్టిన చెక్కలను అంటించింది.

మేస్త్రి మెయిన్ స్విచ్చి లాగుతూ "పాలిష్ డబ్బాలు" అని అరిచేదాకా నేను అక్కడే ఉన్నాను. అప్పుడు పరుగెత్తి పాలిష్‌లో కలిపే థిన్నరు డబ్బాలు ఏడు వెనక గుమ్మంలోంచి బయట పెట్టాను. ఎలా పెట్టానో గుర్తులేదు. వడ్రంగులిద్దరు ఇసుక బకెట్లతో, మేస్త్రి మంటలార్పే సిలిండరుతో పడ్డారు. తిరిగి వచ్చి చూస్తే బాబాయి షెడ్డు మధ్యలో, రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరి దగ్గరో ఏదో అందుకోబోతున్నట్టు నిలబడి ఉన్నాడు. కనుబొమ్మలు లేవు.

"నీళ్ళు" అన్నాడు.

కుళాయి కింద ఆ చేతులు పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా కూర్చున్నాను.

పదకొండు మంచాలు బొగ్గయ్యాయి. మంటలార్పే దళం అధికారి వచ్చి అడిగితే మేస్త్రి పైనున్న తీగలు చూపించాడు. రెండు రోజుల ముందే కరెంటు పనులకు మేం పిలిచే కుర్రాడు, కరెంటు తమ్ముడంటాం, వచ్చి కరెంటు బోర్డు విప్పి బిగించి వెళ్ళాడు. అందరి వేళ్ళూ అటే తిరిగాయి. అతను పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను సరిగ్గానే బిగించానన్నా" అని మూడుసార్లు అన్నాడు. చాకు నా సంచిలో, గుడ్డలో చుట్టి అలాగే ఉంది. ఆ రోజూ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. మా అత్తగారు నా సంచిలోంచి ఆ చాకు తీసుకుని వంకాయ కోస్తూ, "బాగా తెగుతోందే" అంది. నేను పళ్ళెం అక్కడే వదిలి పెరట్లోకి వెళ్ళిపోయాను.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. బాబాయి చేతులు రెండూ మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. పిన్ని చెంచాతో గంజి తాగిస్తోంది.

"షెడ్డులో ఏమనుకుంటున్నారు?" అని అడిగాడు.

"తీగల వల్లనంటున్నారు. కరెంటు తమ్ముణ్ణి..." అని ఆగిపోయాను.

ఆయన చెంచా పక్కకు తొయ్యమన్నట్టు మొహం తిప్పాడు. "మేస్త్రిని రమ్మను. ఇప్పుడే."

మేస్త్రి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. బాబాయి ఎక్కడా తడబడలేదు. "తీగలు కాదు. ఆ రోజు భోజనానికి ముందు నేను బెల్టు మీద ఒక ఇనుప ముక్క రుద్దాను. ఫ్యాను ఆపితే చాలనుకున్నాను. కింద పొట్టు తీసెయ్యలేదు, సంచి ఖాళీ చెయ్యలేదు. ఆ కుర్రాడి తప్పేం లేదు. నువ్వే వెళ్ళి అతనికి చెప్పు."

"నువ్వా?" అన్నాడు మేస్త్రి. "ఆ మాట మాకు రోజుకు పదిసార్లు చెప్పే నువ్వా?"

"నేనే."

"ఏం ఇనుప ముక్క?"

బాబాయి పైకప్పు వైపు చూశాడు. "ఏదో ఒకటి. దాంతో పనేముంది?"

అప్పుడు నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "నా చాకు. నేనే అడిగాను. వద్దంటే బతిమాలాను." పిన్ని గిన్నె కింద పెట్టింది. నావైపు చూసింది. ఆ చూపుకు సిద్ధపడే వచ్చాననుకున్నాను. కాదని తెలిసింది.

"అడగటం తప్పు కాదు" అన్నాడు బాబాయి. "అడిగినవాళ్ళకి లేదని చెప్పడానికే కదా నన్ను అక్కడ పెట్టింది." కట్లు కట్టిన చేతులు చూసుకుంటూ, "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నాకు పట్టుకోడానికి కూడా లేకుండా చుట్టేశారు" అన్నాడు. ఎవరం నవ్వలేదు. పిన్ని మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

మేస్త్రి ఆ సాయంత్రమే కరెంటు తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. అతను కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. అది అతని హక్కు. పిల్లల వార్డుకి మంచాలు రెండు నెలలు ఆలస్యంగా వెళ్ళాయి. మేస్త్రి దుమ్ము లాగే ఫ్యానును షెడ్డు బయటికి మార్చి, సంచికి బదులు మూత బిగించే ఇనుప పీపా పెట్టించాడు. సాయంత్రం దాన్ని ఖాళీ చేశాకే ఎవరైనా ఇంటికి వెళ్ళాలి.

బాబాయికి తొడ మీది చర్మం తీసి చేతులకు అతికించారు. అయిదు నెలలకు పిడికిలి ముడవగలిగాడు. వేలికొసలకు స్పర్శ రాలేదు. ఒకరోజు షెడ్డుకు వచ్చి నేను పాలిష్ పెట్టబోతున్న కమ్మీ మీద వేలు రాశాడు. మళ్ళీ రాశాడు. "ఎలా ఉంది?" అని నన్నడిగాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఈ పని చేసినవాడు నన్నడిగాడు. నేనూ ఆ చోటే వేలు రాసి చూసి, బాగుందన్నాను.

పని చెయ్యలేడు, ఇంట్లో కూర్చోలేడు. సెలవు రోజుల్లో పిన్ని చొక్కా గుండీలు పెడితే, చెక్కపని చేసే షెడ్లు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ బయల్దేరడం మొదలుపెట్టాడు. తోడుగా నేను వెళ్తాను. రమ్మని ఆయన అడగలేదు, వద్దనీ అనలేదు. వెళ్ళి, మీ దుమ్ము సంచి ఒకసారి చూపించండి అంటాడు. కొందరు ఏ ఆఫీసు నుంచి వచ్చారంటారు. కొందరు నవ్వి పంపేస్తారు. చేతులు చూపించి తాను చేసింది చెప్తాడు. చాకు ఎవరిదో ఎప్పుడూ చెప్పడు. ఆ మాట నేను చెప్తాను.

మొన్న ఒక షెడ్డులో తలుపులు చేసే పెద్దాయన పని ఆపకుండానే విన్నాడు. అంతా విని, "మీరు కొత్తలో చేసి ఉంటారు" అన్నాడు.

"కాదయ్యా. ముప్పై నాలుగేళ్ళు నిండాక."

పెద్దాయన మిషను ఆపాడు. పట్టీని పూర్తిగా ఆగనిచ్చాడు. తరువాత ఆయన వెళ్ళి సంచి మీద చెయ్యి పెట్టి వేడి ఉందేమో చూశాడు. చల్లగానే ఉంది. మెడదాకా నిండి ఉంది. "ఎత్తడానికి ఒక చెయ్యి వెయ్యమ్మా" అన్నాడు నాతో. ఇద్దరం దాన్ని బయటికి మోశాం, బాబాయి ముందు నడిచి మోచేత్తో తలుపు తోసి పట్టుకున్నాడు.