పావు నాలుగు

ఆ రోజంతా ఎడెల్‌ట్రౌట్ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఎర్‌ఫుర్ట్ చూడవచ్చిన వాళ్ళకు మా ఊరు తిప్పి చూపించడం ఆవిడ పని. పొద్దుటి గుంపును పెద్ద చర్చి మెట్ల మీద పరుగులు పెట్టించిందట. మధ్యాహ్నం వంతెన మీది నా కొట్టుకొచ్చి, కొనుక్కున్న ఐస్‌క్రీం చేతిలోనే కరగబెట్టుకుంది.

అంతా హెన్నింగ్ కోసం. ఆవిడ ఏడాది పిల్లగా ఉండగా తండ్రి పశ్చిమ జర్మనీకి వెళ్ళిపోయాడు. దేశం మధ్య గోడ లేచింది, ఆయన అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. హెన్నింగ్ ఆ రెండో భార్యకు పుట్టినవాడు, ఉత్తరాన కీల్‌లో ఉంటాడు. అరవై ఏళ్ళొచ్చాక మొదటిసారి అక్కను చూడ్డానికి వస్తున్నాడు. అయిదింటి రైలుకే తిరుగు ప్రయాణం.

"ఎన్నింటికి రమ్మన్నావ్?" అన్నాను.

"పావు నాలుగుకి. ఇక్కడికే."

మా వైపు పావు నాలుగంటే మూడుంపావు. నాలుగో గంటలో పావు వంతు గడిచిందని లెక్క. మూడుంపావు అయింది, మూడున్నర దాటింది. ఆవిడ నా కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"తండ్రికి తగ్గ కొడుకు!"

"కాస్త కూర్చో తల్లీ, రైలు ఆలస్యమేమో."

"నువ్వు నోర్మూసుకో, ఓట్మార్!"

నాలుగింటికి రెండో గుంపు వచ్చింది. ఏడుపు దిగమింగుకుని వాళ్ళను తీసుకెళ్ళింది. నాకైతే ఆ హెన్నింగ్ మీద ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి సంగతి ఆవిడే చెప్పింది. టౌన్‌హాలు ముందు ఆగి, "పావు ఆరుకల్లా ముగించేద్దాం" అందట.

"ఆరుంపావు దాకానా? మా కాళ్ళు పడిపోతాయమ్మా!" అంది హాంబుర్గ్ నుంచి వచ్చిన ఒకావిడ. అందరూ నవ్వారు. ఎడెల్‌ట్రౌట్‌కు నవ్వు రాలేదు. కీల్ హాంబుర్గ్‌కు ఇంకా ఉత్తరాన. అక్కడివాళ్ళకు పావు నాలుగంటే నాలుగుంపావే. గుంపును నడివీధిలో వదిలేసి పరుగెత్తింది.

సరిగ్గా నాలుగుంపావుకు నా కొట్టు ముందు ఓ పెద్దమనిషి పూలు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ రొప్పుతూ వచ్చిపడింది.

"గంట! గంటసేపు చంపారు నన్ను!"

"నేను టైముకే వచ్చానండీ," అన్నాడాయన బిక్కమొహంతో. "అక్కా... మీరేనా?"

ఈలోగా గుంపంతా వెనకాలే వచ్చి చుట్టూ మూగింది. "ఎవరండీ ఈయన?" అంది హాంబుర్గ్ ఆవిడ.

ఊళ్ళో ఒక్కో రాయి గురించి పావుగంట చెప్పగల మనిషి. "మా తమ్ముడు," అంది. అంతే.